సెలవు ఇచ్చేదెవరు?

తెలుగులో 'సెలవు' చిత్రమైన మాట. బడికి సెలవు అంటాం, ఆఫీసుకి సెలవు అంటాం. ఇంటికొచ్చిన చుట్టం లేచి "ఇక సెలవు" అంటాడు. పెద్దాయన నోరు విప్పితే "సెలవిచ్చారు" అంటాం. వీటన్నిటి అడుగునా ఉన్న అర్థం ఒకటే: అనుమతి. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి అదొక పోర్టల్లో బటన్. మేనేజరు నొక్కితే పచ్చరంగు వస్తుంది, అంతే.

పాత చట్టాలు చదవడం నాకొక పిచ్చి. ఇంగ్లీషువాళ్ల కాలపు గుంటూరు జిల్లాకి వర్తించిన చట్టాల్లో ఈ సెలవు కోసం వెతికితే ఇద్దరు మనుషులు కనబడ్డారు. ఒకరు కానిస్టేబుల్. ఇంకొకరు ఆ కానిస్టేబుల్ కన్నేసి ఉంచాల్సిన ఎరుకల మనిషి. సినిమాల్లో వీళ్లిద్దరూ ఎప్పుడూ ఎదురెదురుగానే ఉంటారు. చట్టంలో మాత్రం ఇద్దరూ ఒకే మాట కోసం చెయ్యి చాచి నిలబడ్డారు.

ముందు కానిస్టేబుల్ సంగతి. దేశమంతటికీ తెలిసిన పోలీసు చట్టం 1861ది. మద్రాసు ప్రెసిడెన్సీకి అంతకు రెండేళ్ల ముందే, 1859లో, ప్రత్యేక చట్టం వచ్చింది. దాని ప్రకారం పోలీసువాడు తనంతట తాను ఉద్యోగం మానకూడదు. పైఅధికారి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, లేదా రెండు నెలల ముందు నోటీసివ్వాలి. ఏమీ లేకుండా వెళ్లిపోతే మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. మూడు నెలల జీతం వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. 1861 చట్టం ప్రకారం పోలీసువాడు ఎల్లవేళలా డ్యూటీలో ఉన్నట్టే లెక్క. 1895లో దానికొక ముక్క అతికించారు. సెలవు మీద వెళ్లినవాడు సరైన కారణం లేకుండా గడువుకి తిరిగి రాకపోయినా అదే శిక్ష. నా నోటీసు పీరియడ్ కూడా రెండు నెలలే. కాకపోతే చెప్పకుండా మానేస్తే నన్నెవరూ జైల్లో పెట్టరు.

ఇక రెండో మనిషి. ఎరుకలవాళ్లు ఒకప్పుడు కోస్తా ఉప్పుని ఎద్దుల మీదా గాడిదల మీదా లోపలి ఊళ్లకి మోసి, ధాన్యం తెచ్చుకునే వ్యాపారులు. సర్కారు ఉప్పు చట్టాలు, రైలు కలిసి ఆ వ్యాపారాన్ని తినేశాయి. దారులు పోయినా తిరగడం మిగిలింది. ఆ తిరగడమే నేరమైంది. నేరస్థ జాతుల చట్టం 1871లో ఉత్తరాదిన మొదలై, 1911 నాటి కొత్త రూపంలో మద్రాసుకి వచ్చింది. బాపట్ల, చీరాల మధ్య సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటు ఆ తర్వాతదే. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద హోదాలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు: స్టువర్టుపురం. అక్కడివాళ్లు ఊరు దాటాలంటే ఏ షరతుల మీద పాసు ఇవ్వాలో నిబంధనలు రాసే అధికారాన్ని చట్టమే ప్రభుత్వానికి ఇచ్చింది. పాసు లేకుండా దొరికితే వారంటు అక్కర్లేదు. పోలీసే కాదు, ఊరి మునసబైనా తలారైనా పట్టుకోవచ్చు.

మిరపకోతలకీ పత్తితీతలకీ కూలీలు ఊళ్లు మారే నేల మనది. ఇక్కడ కదలడమే బతుకుతెరువు. పక్క ఊళ్లో కూలి రెండణాలు ఎక్కువని తెలిస్తే వెళ్లగలగడమే కూలివాడి బలం. ఆ బలం సెటిల్‌మెంటు మనిషికి లేదు. స్టువర్టుపురం నుంచి చీరాల పొగాకు కంపెనీకి కూలీలుగా వెళ్లినవాళ్లు "ఈ రేటుకి రాం, ఇంకోచోటికి పోతాం" అనాలంటే ముందు పాసు కావాలి. జీతం చాలక ఉద్యోగం మానేద్దామనుకున్న కానిస్టేబుల్‌కి ఎదురుగా జైలు. వదిలి వెళ్లగలిగినవాడే బేరమాడగలడు. ఆ రెండు చట్టాలూ కొట్టింది సరిగ్గా అక్కడే.

ఈ సంగతి సర్కారుకీ తెలుసు. 1921-22లో పెదనందిపాడు పన్నుల నిరాకరణలో గుంటూరు జిల్లా గ్రామోద్యోగులు వరసగా రాజీనామాలు ఇచ్చారు. రాజీనామా అంటే కాగితం ముక్కే, కానీ పాలన ఆగిపోతుంది. సహాయ నిరాకరణ దేశమంతా ఊపేసిన ఆ 1922లోనే ఇంకో చట్టం వచ్చింది. డ్యూటీ మానమని పోలీసుని ప్రేరేపిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు వందల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అంటే కానిస్టేబుల్ వెళ్లిపోవడమే కాదు, "వెళ్లిపో" అని అతనికి చెప్పడం కూడా నేరమే.

ఇద్దరినీ ఒకే గాటన కట్టడం లేదు. కానిస్టేబుల్ ఉద్యోగంలో చేరాడు, జీతం తీసుకున్నాడు, రెండు నెలలు ఓపిక పడితే బయటపడగలడు. ఎరుకల మనిషి దేన్లోనూ చేరలేదు. పుట్టాడు, అంతే. పైగా అతణ్ణి పట్టుకొచ్చే చేతుల్లో ఈ కానిస్టేబుల్ చెయ్యి కూడా ఒకటి. తన మెడలో తాడు ఉన్నవాడి చేతికే ఇంకొకరి తాడు అప్పజెప్పడం ఆ పాలన తెలివి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారే తప్ప తాళ్లు ఎటు పోతున్నాయో చూడరు.

మద్రాసు ప్రభుత్వం 1947లోనే నేరస్థ జాతుల చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటా పోవడానికి 1952 దాకా పట్టింది. కానీ 1948లోనే మద్రాసులో అలవాటుపడ్డ నేరస్థుల మీద ఆంక్షల చట్టం వచ్చేసింది. పాసులు పోయినా పేరు పోలేదు. 1991లో 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్', 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' చూసినవాళ్లకి ఆ పేరు ఎందుకు వాడారో చెప్పక్కర్లేదు. ఉద్యోగం దరఖాస్తులో ఊరి పేరు రాయాల్సిన ఆ ఊరి కుర్రాడికి అది సినిమా కాదు.

1859 చట్టం మాత్రం స్వతంత్రం వచ్చాక కూడా ఆంధ్ర ప్రాంత జిల్లా పోలీసు చట్టం అనే పేరుతో కొనసాగింది. 2019 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పోలీసులకి వారానికో రోజు సెలవు ప్రకటించినప్పుడు అది పెద్ద వార్త అయింది. వారానికొక రోజు ఇంట్లో ఉండడం ఒక మనిషికి వార్త కావడానికి 160 ఏళ్లు పట్టింది.