కొండదారి, హెరాల్డు కారు, పనిముట్ల సంచి

ఒక కాలపు దారి ఎటువంటిదో తెలియాలంటే ఆ కాలపు ప్రయాణికుడి సంచి విప్పి చూడాలి. మన స్థలచరిత్రలలో గుడికి, కోటకు, శాసనానికి దక్కిన చోటు కారు డిక్కీలోని జాకీకి, పానాలకు దక్కలేదు. తిరుపతి ప్రాంతానికి సంబంధించినంత వరకైనా ఆ లోటు కొంత తీర్చుదామని నా ప్రయత్నం.

1944 ఏప్రిల్ 10న అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ తిరుమల మొదటి ఘాట్ రోడ్డును ప్రారంభించాడు. దాని రూపకల్పనలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహా ఉంది. అంతవరకు కొండకు పోవాలంటే కాలినడక, లేదా డోలీ. దాదాపు 19 కిలోమీటర్ల పొడవు, 36 హెయిర్‌పిన్ మలుపులు గల ఆ దారి మీదనే, 1974లో రెండవ ఘాట్ రోడ్డు వచ్చేవరకు, ఎక్కే బండ్లూ దిగే బండ్లూ ఎదురుపడేవి. మలుపులో ఒక బండి ఆగిపోతే దాని వెనుక కొండంతా ఆగవలసిందే. పనిముట్ల సంచి అవసరం అక్కడ పుట్టింది.

ఆనాడు మద్రాసు నుండి నగరి, పుత్తూరు మీదుగా వచ్చే కార్లలో స్టాండర్డ్ హెరాల్డు ఒకటి. 1961 నుండి మద్రాసులోనే తయారైన ఈ 948 సీసీ కారుకు మూలం ఇంగ్లండు ట్రయంఫ్ హెరాల్డు. దాని చాసిస్‌నే పొట్టిచేసి 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్సు కారును తయారుచేశారు. రెండింటికీ రూపమిచ్చినవాడు ఇటలీకి చెందిన మికెలోత్తి. కనుక హెరాల్డును మన ప్రాంతపు స్పోర్ట్సు కారుకు పినతండ్రి బిడ్డ అనవచ్చు. బానెట్టు మొత్తం ముందుకు ఒరిగి తెరుచుకుంటుంది. ముందు చక్రం మీద కూర్చుని కూడా ఇంజను పని చేసుకోవచ్చు. దారిపక్క మరమ్మతుకు ఇంతకన్న అనువైన కారు అరుదు.

ఇప్పుడు సంచిలోకి వద్దాం. మొదటిది పానాల సెట్టు. దీని బోల్టులు అంగుళాల లెక్కవి. ఈనాటి దుకాణంలో దొరికే 13 మిల్లీమీటర్ల పానా అర అంగుళపు బోల్టుకు పట్టినట్టే పట్టి, గట్టిగా తిప్పగానే మూలలు అరగదీస్తుంది. కనుక 7/16, 1/2, 9/16 అంగుళాల పానాలు వేరుగా ఉండాలి. రెండవది ఇగ్నిషన్ సామాను: ఒక జత పాయింట్లు, కండెన్సరు, రెండు ప్లగ్గులు, ఎమెరీ కాగితం, ఫీలర్ గేజి. పాయింట్ల మధ్య ఎడం అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు. నడుస్తున్న కారు హఠాత్తుగా నిలిచిపోతే ముందుగా అనుమానించవలసినవాటిలో కండెన్సరు ఒకటి. అది అరచేతిలో ఇమిడే వస్తువు.

మూడవది ఫ్యాన్ బెల్టు. అది తెగితే ఒకేసారి నీటి పంపూ, డైనమో కూడా ఆగిపోతాయి. నాలుగవది నీరు. పూర్వం బంపరుకు కాన్వాసు సంచి వేలాడదీసేవారు. తిరుమల మీద ప్లాస్టిక్ నీటి సీసాలకు నిషేధం ఉంది గనుక నేడు స్టీలు క్యాను మేలు. ఉడుకుతున్న రేడియేటరు మూత మాత్రం చల్లారేవరకు తీయరాదు. అయిదవది గుడ్డ. రాయలసీమ ఎండలో, తక్కువ గేరులో ఎక్కేటప్పుడు, పెట్రోలు పంపులోనే ఆవిరై కార్బ్యురేటరుకు అందదు. తడిగుడ్డ పంపుకు చుట్టి కాసేపు ఆగి, పంపు పక్కనున్న చేతిమీటను నాలుగుసార్లు ఆడిస్తే బండి కదులుతుంది.

ఆరవది చెక్క దిమ్మె. లారీ క్లీనర్ల నుండి నేర్చుకోవలసిన విద్య ఇది: ఏటవాలులో బండి ఆగగానే ముందు దిమ్మె, తరువాత జాకీ. దిమ్మె బదులు రాయి పెట్టినవారు వెళ్ళేటప్పుడు దానిని రోడ్డు మీదనే వదిలేస్తే, వెనుక వచ్చేవాడి ప్రాణానికి ముప్పు.

ఒక్క కష్టానికి మాత్రం సంచిలో మందు లేదు. దిగేటప్పుడు బ్రేకు మీదనే కాలు పెట్టుకుని వస్తే డ్రమ్ములు వేడెక్కి పట్టు సడలుతుంది. తక్కువ గేరులో దిగడం, అనుమానం వస్తే ఆగి చల్లారనివ్వడం తప్ప మార్గం లేదు. కాలే డ్రము మీద నీళ్ళు పోస్తే పగలవచ్చు. మొగిలి ఘాటుకైనా, భాకరాపేట ఘాటుకైనా ఇదే నియమం.

నాకు ఆశ్చర్యం కలిగించేది ఇది. 1965లో దారి చెడ్డది, సంచి చిన్నది. ఎందుకంటే ఏ ఊరి మెకానిక్కుకైనా పాయింట్లు తెలుసు, విడిభాగాలు మద్రాసులో తయారయ్యేవి. ఇప్పుడు దారి బాగుపడింది, చేతిలో ఫోను ఉంది, 1985లో తిరుపతి పక్కన కరకంబాడిలో మొదలైన అమరరాజా వల్ల బ్యాటరీకి కొదువ లేదు. అయినా సంచి పెరిగింది. ఆ బ్యాటరీ బిగించే కుర్రవాడికి, ఆ కాలపు బ్రిటిషు కార్లు చాలావాటిలో ధనధ్రువమే బాడీకి కలిసి ఉంటుందని చెప్పేవారు లేరు. తిరగేసి బిగిస్తే డైనమోకు చేటు.

అందుచేత సంచిలో చివరగా ఒక చిన్న నోటు పుస్తకం ఉంచుకోవాలంటాను. ఏ బోల్టుకు ఏ పానా, ఏ తీగ ఎక్కడికి, ఏ ధ్రువం ఎటువైపు అన్నది తెలుగులో రాసి పెట్టండి. పాత కార్ల పని తెలిసిన వృద్ధ మెకానిక్కులు పుత్తూరులోనో చిత్తూరులోనో ఉంటే, వారి నోట విని రాసుకోండి. పానా పోతే మరొకటి కొనుక్కోవచ్చు, ఆ మాట పోతే దొరకదు.