బోర్డింగు పిల్లల చేతిలో రంగులు

శతాబ్ది సంచికలలో బిషప్పుల చరిత్రలు, దేవాలయముల చరిత్రలు వ్రాయువారు చాలమంది యుందురు. బోర్డింగు పిల్లల చరిత్ర వ్రాయువారు తక్కువ. పాలకీడు వంటి కృష్ణాతీర గ్రామముల నుండి రేకుపెట్టె చేతబట్టుకొని చదువుకొరకు హాస్టళ్ళకు పోయిన పిల్లలు మన సంఘములలో ఎన్ని ఇండ్లలో లేరు? ప్రభుత్వ గురుకుల విద్య సైతము 1971లో మన పాత నల్లగొండ జిల్లాలోని సర్వేలులోనే మొదలైనది. తరువాత కస్తూర్బా విద్యాలయములు, బాలసదనములు వచ్చినవి. అన్నము, బట్ట, పుస్తకము, ప్రార్థన అన్నియు పిల్లలకు అమరినవి. రాత్రి దీపమార్పిన తరువాత మనస్సులోని దిగులు ఎవరితో చెప్పుకొనవలెనో అది మాత్రము అమరలేదు.

ఈ లోటును బొమ్మలతో పూరింపజూచిన ఒక స్త్రీని మన సంఘస్థులు ఎరుగవలెను. ఫ్రీడెల్ డికర్ బ్రాండైస్ 1898లో వియన్నాలో పుట్టిన యూదు చిత్రకారిణి. 1942 డిసెంబరులో నాజీలు ఆమెను టెరెజిన్ అను నిర్బంధ పట్టణమునకు పంపిరి. తల్లిదండ్రులకు ఎడమై గుంపులుగా గదులలో ఉంచబడిన పిల్లలకు ఆమె బొమ్మలు నేర్పినది. కాగితము దొరకని చోట వాడిపారవేసిన ఫారముల వెనుక వేయించినది. తాను లయ చెప్పుచుండగా పిల్లలందరు ఆ లయకు గీతలు గీసెడివారు. ప్రతి బొమ్మ మీద పిల్లలు తమ పేరు వ్రాయవలెనని ఆమె పట్టుబట్టెడిది. మనుష్యులను అంకెలుగా మార్చిన చోట అది చిన్న సంగతి కాదు. పిల్లలను చిత్రకారులుగా చేయుట తన ఉద్దేశము కాదని 1943లో తోటి ఉపాధ్యాయులతో చెప్పినది. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్‌కు తీసికొనిపోయి చంపిరి. ఆమె దాచిన రెండు పెట్టెలలో సుమారు 4,500 బొమ్మలు మిగిలినవి. అవి నేడు ప్రాగ్ నగరములోని యూదు మ్యూజియమునందున్నవి. ఆ పిల్లలలో అత్యధికులు మిగులలేదు.

ప్రాగ్‌లో ఆమెయొద్ద నేర్చుకొన్న ఎడిత్ క్రేమర్ 1938లో అమెరికా చేరినది. 1950 నుండి న్యూయార్క్ రాష్ట్రములో విల్ట్‌విక్ అను బాలుర ఆశ్రమ పాఠశాలలో పనిచేసినది. దానిని స్థాపించినది ఎపిస్కోపల్ సంఘపు మిషను సొసైటీయే, అనగా మన ఆంగ్లికన్ కుటుంబమువారే. పోలీసుల చేత చిక్కినవారు, దిక్కులేనివారు అచ్చటి పిల్లలు. (తరువాత ప్రపంచ బాక్సింగ్ ఛాంపియనైన ఫ్లాయిడ్ ప్యాటర్సన్ క్రేమరమ్మ రాకకు ముందు అచ్చట ఉండినవాడే.) కోపముతో బల్లలు విరుగగొట్టు పిల్లలకు ఆమె రంగులు, బంకమట్టి ఇచ్చి కూర్చుండబెట్టినది. బొమ్మకు అర్థములు చెప్పలేదు, దిద్దలేదు. పిల్లవాని చెయ్యి తడబడినచో మాత్రము అందించినది. ఈ సహాయమును ఆమె తరువాత 'మూడవ చెయ్యి' అన్నది. 1958లో ఈ అనుభవమును గ్రంథముగా ప్రకటించినది. తన భావమును, ఎదుటివాని భావమును గుర్తెరిగి నడచుకొను తెలివికి 1990లో శాలవే, మేయర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు భావోద్వేగ ప్రజ్ఞ అని లక్షణము చెప్పిరి. ఆ పేరునకు ముందే దాని పని జరుగుచుండెను.

మన దేశములో ఇట్టిదేమియు లేదా? దోర్నకల్ బిషప్ అజరయ్యగారు తెలుగు కీర్తనను, భజనను, నాటకమును ఆరాధనలోనికి ఆదరముతో పిలిచిరి. కోలాటములో ఒకడు తప్పినచో చుట్టుప్రక్కల కర్రలన్నియు తప్పును. తోడివానిని గమనింపక ఆడలేడు. అయితే నా మట్టుకు ఒక సందేహము. మనము కోలాటమును వార్షికోత్సవపు అతిథుల కొరకు ఆడించితిమి. బొమ్మలకు మొదటి బహుమతి, రెండవ బహుమతి పెట్టితిమి. బహుమతి రాని పిల్లవాడు తన దిగులును మరల పెట్టెలో పెట్టుకొనెను. ఫ్రీడెలమ్మ తరగతిలోగాని క్రేమరమ్మ గదిలోగాని పోటీ కాదు ముఖ్యము.

దీనికి ధనము పెద్దగా అక్కరలేదు. వారమునకొక సాయంకాలము, ఎనిమిది పదిమంది పిల్లలు, పాత కాగితములు, రంగుసుద్దలు, ఏటి బంకమట్టి చాలును. ఇష్టమున్నవాడు తన బొమ్మ గురించి చెప్పును, లేనివాడు ఊరకుండును. పిల్లవాడు గీసినదానిని వార్డెనుగారు ఫాదరుగారికి చూపి నవ్వరాదు. నిద్రలేక, తిండి మాని కృశించుచున్న పిల్లవానిని మాత్రము బొమ్మలతో సరిపెట్టక వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. ఎడిత్ క్రేమర్ తన 97వ యేట, 2014లో మరణించినది. ఆమె గురువు దాచిన పెట్టెలలోని బొమ్మల మీద పిల్లల పేర్లు నేటికిని చదువ వీలుగా నున్నవి.