ఒకే స్థలం, మారిన పేర్లు: ఉప్పల్, నాచారం వ్యాజ్యాలలో ఆన్‌లైన్ న్యాయ పరిశోధన

ఉప్పల్‌లో ఒక స్థలం మీద హక్కు తేల్చాల్సి వస్తే, న్యాయవాది బల్ల మీదికి చేరే కాగితాలన్నీ ఒకే జిల్లా పేరుతో ఉండవు. 1978 ఆగస్టు 15కు ముందటివి హైదరాబాద్ జిల్లావి. ఆ తర్వాతవి రంగారెడ్డి జిల్లావి. 2016 అక్టోబరు 11 నుంచి వచ్చినవి మేడ్చల్–మల్కాజిగిరివి. ఉప్పల్ కలాన్ పురపాలక సంఘం 2007 ఏప్రిల్‌లో జీహెచ్‌ఎంసీలో కలిసిపోయింది. రెవెన్యూ గ్రామాల సంగతి ఇంకో చిక్కు. ఉప్పల్ కలాన్ వేరు, ఉప్పల్ ఖల్సా వేరు, భగాయత్ వేరు. ఇంగ్లిష్ తీర్పుల్లో ఈ పేర్లను ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగుతో రాశారు. వెతుకుడు పెట్టెలో ఒక్క అక్షరం తేడా వచ్చినా పనికొచ్చే తీర్పు కంటపడదు.

తీర్పు సంపాదించడం నేటి న్యాయవాదికి పెద్ద కష్టం కాదు. దాన్ని ఏ పేరుతో, ఏ తేదీల మధ్య వెతకాలో చెప్పే సమాచారం ఒకచోట లేకపోవడమే అసలు కొరత అన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. ఆ కొరత తీర్చాల్సింది లా లైబ్రేరియన్లు.

అందుబాటు ఎంత పెరిగిందో ముందు చూద్దాం. ఈస్టర్న్ బుక్ కంపెనీ, డి.బి. మోదక్ కేసులో 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు, కోర్టు తీర్పుల మూలపాఠం మీద ప్రచురణకర్తకు కాపీరైటు లేదని తేల్చింది. మరుసటి నెలలోనే తీర్పులను ఉచితంగా వెతికిపెట్టే ఇండియన్ కానూన్ వెబ్‌సైటు మొదలైంది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు తన అధికారిక రిపోర్టులను ఈ–ఎస్‌సీఆర్ పేరుతో ఉచితంగా తెరిచింది. కాగితం మీదే ఆధారపడితే ఏమవుతుందో హైదరాబాద్‌కు తెలుసు. 2009 ఆగస్టులో హైకోర్టు భవనంలో చెలరేగిన మంటల్లో అక్కడి గ్రంథాలయం కాలిపోయింది. ఆ నష్టం తలుచుకుంటే డిజిటల్ ప్రతుల విలువను ఎవరూ తక్కువ చేయలేరు.

అయితే ప్రతి ఉండడం వేరు, దొరకడం వేరు. 2016లో రెవెన్యూ జిల్లా ఏర్పడినా, కొత్త జిల్లాలకు తగ్గట్టు జిల్లా కోర్టులు మొదలైంది 2022 జూన్ 2న. ఆ రెండిటి మధ్య ఉప్పల్ వాసి వేసిన దావా ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి కోర్టు పరిధిలోకే వెళ్లేది. కోర్టు కేసుల వివరాలిచ్చే ఈ–కోర్ట్స్ సైటులో జిల్లా ఎంచుకోమన్నప్పుడు జూనియర్ న్యాయవాది మేడ్చల్–మల్కాజిగిరి ఒక్కటే నొక్కి వదిలేస్తే సగం చరిత్ర తప్పిపోతుంది. చట్టాల పేర్లూ అంతే. 2016 జూన్‌లో వచ్చిన అన్వయ ఉత్తర్వుతో భూ ఆక్రమణల నిషేధ చట్టం తెలంగాణ పేరుతో, 1982 సంవత్సరంతో చలామణీలోకి వచ్చింది. దాని మీద వచ్చిన పాత తీర్పులన్నీ ఆంధ్రప్రదేశ్ పేరుతోనే ఉంటాయి.

అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు తేదీలో జరుగుతుంది. పట్టణ భూ గరిష్ఠ పరిమితి చట్టం (1976) సంగతే తీసుకుందాం. ఆన్‌లైన్‌లో వెతికితే 1999లో రద్దయిందని వస్తుంది. అది కేంద్రం చేసిన రద్దు. శాసనసభ తీర్మానంతో స్వీకరిస్తే తప్ప ఇక్కడ వర్తించదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ రద్దు అమల్లోకి వచ్చింది 2008 మార్చి 27న. ఆ నాటికి ప్రభుత్వం మిగులు భూమిని నిజంగా స్వాధీనం చేసుకుందా లేదా అన్నదే కేసుకు ప్రాణం. ఆ చట్టం సెక్షన్ 10(3) నోటిఫికేషన్‌తో భూమి ప్రభుత్వానికి దఖలు పడినా, 10(5), 10(6) కింద వాస్తవ స్వాధీనం జరగకపోతే యజమానికి రద్దు చట్టం మేలు దక్కుతుందని హరిరామ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే న్యాయవాది చూడాల్సింది పంచనామా తేదీ, దాని మీది సంతకాలు, నోటీసు ఎవరికి అందింది అన్నవి. 1999ని పట్టుకుని వాదన కడితే తొమ్మిదేళ్ల రికార్డు లెక్కలోకి రాకుండా పోతుంది. ఏ డేటాబేసూ ఈ హెచ్చరికను తనంతట తాను ముందుకు తేదు.

నాచారం పారిశ్రామికవాడలో సమస్య కార్మిక చట్టాలది. కాంట్రాక్టరు కింద పనిచేసే మనిషి ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్‌ఐ) పరిధిలోకి వస్తాడా అన్న ప్రశ్నకు ఇప్పటికీ చూపేది హైదరాబాద్ కేసే: రాయల్ టాకీస్. సినిమాహాలు క్యాంటీన్‌లో, సైకిల్ స్టాండులో కాంట్రాక్టర్లు పెట్టుకున్న పనివాళ్లు కూడా చట్టం దృష్టిలో ఉద్యోగులేనని 1978లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఒక్క తీర్పే (1978) 4 ఎస్‌సీసీ 204, ఏఐఆర్ 1978 ఎస్‌సీ 1478, (1979) 1 ఎస్‌సీఆర్ 80 అని మూడు గుర్తులతో కనిపిస్తుంది. మూడో గుర్తులో సంవత్సరమే మారిపోయింది. పైగా 2025 నవంబరు 21న సామాజిక భద్రతా స్మృతి అమల్లోకి రావడంతో, 1948 నాటి ఈఎస్‌ఐ చట్టంలోని సెక్షన్ 2(9) మీద వచ్చిన తీర్పులను కొత్త నిర్వచనంతో జోడించి చూపే పని మొదలుపెట్టాలి.

కృత్రిమ మేధ ఈ జోడింపు చేసిపెడుతుందన్న ఆశ ఉంది. కానీ అది కల్పించిన, లేని తీర్పులను ఉన్నట్టు కోర్టుకు సమర్పించినందుకు 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా వేసింది. సరిచూసుకోవడానికి నమ్మదగిన పట్టిక చేతిలో లేనప్పుడు ఆ ప్రమాదం మన దగ్గర ఇంకా ఎక్కువ.

అందుకే బార్ అసోసియేషన్ గ్రంథాలయాలకు ఒక విన్నపం. మీ కోర్టు పరిధిలోని ప్రతి రెవెన్యూ గ్రామానికి ఒక పుట కేటాయించండి. గ్రామం పేరు స్పెల్లింగులన్నీ, ఏ తేదీన ఏ జిల్లా, ఏ పురపాలక సంఘం, ఏ కోర్టు, ఏ చట్టం ఎప్పటినుంచి ఎప్పటిదాకా అన్నవి అందులో రాయండి. గెజిట్ నంబరు లేని నమోదును చేర్చకండి. దీనికి చందా కట్టాల్సిన డేటాబేసు అక్కర్లేదు. ఉప్పల్ కలాన్‌తో మొదలుపెట్టండి.