ఫోను తీగకు లైసెన్సు

భారతదేశంలో ఇంటర్నెట్ సామాన్య పౌరులకు అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న, వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా. కంప్యూటర్ నిపుణులు అంతవరకు వేచి ఉండలేదు. బెంగళూరులో అతుల్ చిట్నిస్ సి.ఐ.ఎక్స్. అనే బులెటిన్ బోర్డును నడిపారు. బొంబాయిలో లైవ్ వైర్ ఉండేది. ఒక కంప్యూటరు, ఒక మోడెమ్, ఒక ఫోను లైను, ఇంతే సరంజామా. లైను ఒక్కటే గనుక ఒకసారికి ఒక్కరికే ప్రవేశం. ఒకరు సందేహం రాసిపెట్టి, కావలసిన ప్రోగ్రాము దింపుకొని ఫోను పెట్టేస్తేనే మరొకరికి సందు దొరికేది. తక్కినవారికి ఎంగేజ్ మోతే. ఫోను కనెక్షన్ కోసమే ఏళ్ళ తరబడి ఎదురుచూసే రోజులవి.

1990ల మధ్యలో టెలికమ్యూనికేషన్ల శాఖ దృష్టి వీటిపై పడింది. బోర్డు నడపాలంటే ఏడాదికి 15 లక్షల రూపాయల లైసెన్సు రుసుము చెల్లించాలన్నది. అభిరుచి కొద్దీ ఇంటినుంచి బోర్డు నడిపేవాడికి అది రుసుము కాదు, నిషేధమే. దీనికి ఆధారం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. అందులోని నాలుగో సెక్షన్ టెలిగ్రాఫులను నెలకొల్పి నడిపే ప్రత్యేక హక్కును ప్రభుత్వానికే కట్టబెట్టింది. 1857 తిరుగుబాటులో తీగల విలువ తెలిసిన పాలకులకు ఆ జాగ్రత్త సహజమే. స్వతంత్ర ప్రభుత్వానికి అదెందుకు అంత ప్రీతిపాత్రమైందో ఆ శాఖకే తెలియాలి.

ఢిల్లీలో అరుణ్ మెహతా ప్రభృతులు ఎలక్ట్రానిక్ భావప్రకటనా హక్కుల వేదికగా ఏర్పడి ప్రతిఘటించారు. ఈలోగా 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, క్రికెట్ ప్రసారాల వివాదంలో, వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. తీగల సంగతి ఆ తీర్పులో తేలలేదు. బోర్డులు మాత్రం ఇంటర్నెట్ ధాటికి వాటంతటవే మూతపడ్డాయి.

2023లో పార్లమెంటు కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం చేసింది. లైసెన్సు అనే మాట పోయి అధికారిక అనుమతి అనే మాట వచ్చింది. ఇచ్చేది కేంద్రమే.