మడకశిర దాకా వచ్చిన దారి

ఒకే స్విచ్‌కు తగిలించిన కంప్యూటర్లను వేర్వేరు నెట్‌వర్కుల్లో ఉన్నట్టు విడదీయడాన్ని వీలాన్ అంటారు. అమెరికాలోని బెల్‌కోర్ సంస్థలో డబ్ల్యూ. డేవిడ్ సింకోస్కీ 1980లలో ఈథర్‌నెట్ మీద టెలిఫోన్ సంభాషణలు నడిపించే ప్రయత్నంలో ఉండగా ఈ ఆలోచన రూపుదిద్దుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో అదే దశకంలో, 1985లో, తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. కర్ణాటకలోకి చొచ్చుకుపోయినట్టుండే మడకశిర ప్రాంతం మడకశిర, గుడిబండ, రొళ్ళ, అగళి, అమరాపురం మండలాలైంది. ఆ మండల కార్యాలయాల్లోకి కంప్యూటరు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

విడదీయడం తేలికే, కలపడం దగ్గరే చిక్కు. ఒక వీలాన్‌లోని కంప్యూటరు మరో వీలాన్‌తో మాట్లాడాలంటే మధ్యలో రౌటింగ్ ఉండాలి. తొలినాళ్లలో స్విచ్ నుంచి రౌటర్‌కు ఒకే తీగ లాగి, అన్ని వీలాన్ల రాకపోకలనూ దాని మీదే నడిపేవారు. పక్క గదికి పోవాల్సిన సమాచారం కూడా రౌటర్ దాకా వెళ్లి అదే తీగ మీద తిరిగి రావాలి. రద్దీ పెరిగితే ఆ తీగే ఇరుకు సందు.

1990ల రెండో సగంలో లేయర్-3 స్విచ్ ఈ ఇరుకును తీర్చింది. దారి వెతికే పనిని సాఫ్ట్‌వేర్ నుంచి తప్పించి ప్రత్యేక చిప్‌లకు అప్పగించడమే అందులోని కిటుకు. ప్రతి వీలాన్‌కూ స్విచ్ లోపలే ఒక ఊహా ద్వారం, దానికో ఐపీ చిరునామా ఉంటాయి. ఆ వీలాన్‌లోని కంప్యూటర్లకు అదే గేట్‌వే. 1998లో 802.1క్యూ ప్రమాణం వచ్చాక వేర్వేరు కంపెనీల స్విచ్‌ల మధ్య కూడా వీలాన్లు కలిసి ప్రయాణించగలిగాయి. ఫ్రేమ్‌కు, అంటే తీగ మీద పోయే ఒక్కో సమాచారపు ముక్కకు, 4 బైట్ల ట్యాగ్ తగిలిస్తారు. అందులో వీలాన్ సంఖ్యకు 12 బిట్లు ఉంటాయి కాబట్టి వాడుకోదగినవి 4,094.

ఆ 1998లోనే ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ కార్డ్ పథకంతో దస్తావేజులను కంప్యూటర్లకెక్కించడం మొదలుపెట్టింది. 2005 మార్చిలో కేంద్రం స్వాన్ (రాష్ట్రవ్యాప్త నెట్‌వర్క్) పథకాన్ని ఆమోదించింది. రాష్ట్ర రాజధాని, జిల్లా, బ్లాకు అంచెలను కనీసం 2 ఎంబీపీఎస్ లైన్లతో కలిపి డేటా, ఫోన్, వీడియో మూడూ నడపాలన్నది లక్ష్యం. మూడింటినీ కలగాపులగం కానివ్వకుండా ఒకే తీగ మీద నడపాల్సిన ఇలాంటి చోటే వీలాన్ అక్కరకొస్తుంది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ మరో మెట్టు. కరెంటు స్తంభాల మీదుగా లాగిన తీగతో ఇంటర్నెట్, ఫోన్, టీవీ మూడూ నెలకు 149 రూపాయల ప్రారంభ ధరకు ఇచ్చింది.

నిజానికి చిన్న మండల కార్యాలయానికి లేయర్-3 స్విచ్ అక్కర్లేదు. అక్కడి పని చాలావరకు బయటి సర్వర్లతోనే. గది నుంచి గదికి రాకపోకలు తక్కువ, ఒక రౌటర్ చాలు. శాఖలన్నీ ఒకే ఆవరణలో ఉండే జిల్లా కేంద్రంలో లేయర్-3 స్విచ్ విలువ తెలుస్తుంది. మడకశిరకు ఆ కేంద్రం 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పాటుతో అనంతపురం నుంచి పుట్టపర్తికి మారింది. అలాంటి ఆవరణలో ఖజానా, రెవెన్యూ వీలాన్ల మధ్య స్విచ్‌లో రౌటింగ్ మొదలుపెట్టగానే దారులన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. ఎవరు ఎటు వెళ్లకూడదో యాక్సెస్ లిస్టుల్లో విడిగా రాయాలి. అది రాయకపోతే వీలాన్లు ఎన్ని చేసినా శాఖల మధ్య అడ్డు లేనట్టే.