శూన్య నమూనా (జీవావరణ శాస్త్రం)

కోరంగి మడ అడవుల్లో మడ, తిల్ల, ఉప్పుపొన్న ఎక్కడ పడితే అక్కడ కలగాపులగంగా పెరగవు. ఒక్కో జాతి ఒక్కోచోట గుంపు కడుతుంది. కారణం పోటీయా, నీటి ఉప్పదనమా, లేక అది వట్టి కాకతాళీయమా? ఈ మూడో అవకాశాన్ని లెక్కగట్టి చూసే పద్ధతే శూన్య నమూనా. ఏ జాతి ఏ చోట ఉందో పట్టిక వేస్తారు. కొన్ని షరతులకు లోబడి దాన్ని కంప్యూటర్‌తో వేలసార్లు తారుమారు చేస్తారు. అసలు పట్టికలోని అమరిక ఆ వేల పట్టికల్లో బహు అరుదుగా కనిపిస్తేనే దానికి కారణం వెతకడం న్యాయం.

కంప్యూటర్లు రాకముందే ఈ ఆలోచన ఉంది. స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త మయఫేర్ 1929లోనే మొక్కల జాబితా నుంచి యాదృచ్ఛికంగా జాతులను ఎంచి చూశాడు.

అసలు రగడ 1975లో మొదలైంది. న్యూగినీ దగ్గరి బిస్మార్క్ దీవుల్లో రెండు రకాల పావురాలు ఒకే దీవిలో కలిసి ఉండవని జీవావరణ శాస్త్రవేత్త జారెడ్ డైమండ్ గమనించాడు. ఒకటి 14 దీవుల్లో, రెండోది 6 దీవుల్లో. దీనికి పోటీయే కారణమన్నాడు. 1979లో కానర్, సింబర్‌లాఫ్ అనే పరిశోధకులు అడ్డం తిరిగారు: దీవికెన్ని జాతులు, జాతికెన్ని దీవులు అన్న లెక్కలు చెదరకుండా పట్టికను తారుమారు చేస్తే, ఇలాంటి అమరికలు పోటీ లేకుండానే చాలావరకు వస్తాయన్నారు. డైమండ్, అతని సహ రచయిత గిల్పిన్ 1982లో గట్టిగా ఎదురు చెప్పారు: పోటీ ప్రభావం ఆ షరతుల్లోనే దాగి ఉంటే, పరీక్షలో అది బయటపడేదెలా? ఈ ప్రశ్న నిజంగా బలమైనది. ఏది కదపాలి, ఏది కదపకూడదు అన్న నిర్ణయమే జవాబును సగం రాసేస్తుంది. 1996లో గోటెల్లి, గ్రేవ్స్ రాసిన పుస్తకం ఈ వాదాలన్నిటినీ ఒకచోట చేర్చింది.

ఈ చరిత్రలో తెలుగువాడి పాత్ర కూడా ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు 1982లో ప్రతిపాదించిన వైవిధ్య సూచికలో జాతుల సాపేక్ష సమృద్ధితోపాటు వాటి మధ్య తేడాలకూ విలువ ఉంది. జీవావరణ శాస్త్రజ్ఞులు దాన్ని లెక్కించి, ఆ విలువ యాదృచ్ఛికమో కాదో శూన్య నమూనాతోనే తేల్చుకుంటున్నారు.

కోరంగిలో ఏ మడజాతి ఎక్కడ పెరుగుతుందో బి. సత్యనారాయణ, ఎ.వి. రామన్ తదితర పరిశోధకులు 2002లో వివరించారు. అలాంటి వివరాలతో వేసిన పట్టికను శూన్య నమూనా పరీక్షకు పెట్టేటప్పుడు గోదావరి మంచినీరు అందే పాయలనూ, కాకినాడ అఖాతం ఉప్పునీటి అంచునూ ఒకే గంపలో వెయ్యకూడదు. ఉప్పదనం ఒకేలా ఉన్న చోట్ల మధ్యనే జాతులను తారుమారు చేయాలి. లేకుంటే ఉప్పు చేసిన పని పోటీ ఖాతాలో పడుతుంది.