పాడుబడిన పెట్రోలు బంకు

కోటబొమ్మాళి మీదుగా పోవు మద్రాసు-కలకత్తా రహదారి చిరకాలము 5వ నెంబరు జాతీయ రహదారిగా ప్రసిద్ధమై, 2010లో 16వ నెంబరును పొందినది. స్వర్ణచతుర్భుజి పథకము క్రింద దానిని నాలుగు వరుసలుగా విస్తరించిరి. రోడ్డు ప్రక్కకు జరిగినప్పుడు బంకు దానితో జరుగలేదు గదా! అట్లు గిరాకి తప్పి పాడుబడిన బంకు ఏ ఊరి చెంత కనబడినను, దానిని పాత శాసనమువలె చదువవచ్చును. అయితే అందలి ముఖ్యభాగము నేలలోపల ఉండును.

ముందుగా కనబడునది సిమెంటు దిమ్మ. దానిపై మిగిలిన బోల్టులు పంపు నిలిచిన చోటును తెలుపును. 1885లో అమెరికాలోని ఫోర్టు వేను పట్టణమున సిల్వానస్ బౌసర్ అమ్మిన పంపు కిరోసిను కొరకు చేసినది; మోటారు కార్లు వచ్చిన పిమ్మట అట్టి పంపులే పెట్రోలుకు అక్కరకు వచ్చెను. 1888లో జర్మనీలో తన భర్త నిర్మించిన కారులో దూరప్రయాణము చేసిన బెర్తా బెంజ్, దారిలో మందుల దుకాణమున ఇంధనము కొనవలసి వచ్చెను! తరువాతి చేతిపంపులకు పైన గాజుపాత్ర ఉండెడిది. పెట్రోలును అందులోనికెక్కించి, గాలనుల గీతలు కొనువానికి చూపి, క్రిందికి విడిచెడివారు. గాలను అనగా సుమారు నాలుగున్నర లీటర్లు.

గోడపై రంగు పెచ్చులూడినచో క్రింద మరియొక కంపెనీ పేరు బయటపడవచ్చును. ఎస్సో వ్యాపారము 1974లో హిందుస్థాన్ పెట్రోలియమైనది. 1976లో ప్రభుత్వపరమైన బర్మాషెల్, మరుసటి ఏడు భారత్ పెట్రోలియమను పేరు తాల్చినది. విశాఖపట్టణమున 1957లో పని ప్రారంభించిన కాల్టెక్సు శుద్ధికర్మాగారము 1978లో హిందుస్థాన్ పెట్రోలియములో చేరినది.

ఇక బంకు అంచున నిటారుగా నిలిచిన సన్నని ఇనుపగొట్టము. ఇది భూమిలోని ఉక్కుతొట్టికి ముక్కువంటిది. పెట్రోలు తోడునప్పుడు గాలి లోనికి పోవును. నింపునప్పుడు ఆవిరి వెలికి వచ్చును. నిండిన తొట్టికంటె ఖాళీ తొట్టియే ప్రమాదకరమన్న మాట విద్యార్థులకు వింతగా తోచవచ్చును. గాలిలో పెట్రోలు ఆవిరి నూటికి సుమారు ఒకటిన్నర మొదలు ఏడున్నర పాళ్లున్నప్పుడే నిప్పంటుకొనును. నిండిన తొట్టిలో ఆవిరి మిక్కుటమై, మండుటకు గాలి చాలదు. అడుగున కొద్దిపాటి మడ్డి మాత్రమే మిగిలినచో, ఆ పాళ్లు సరిగా కుదిరిపోవచ్చును. పైగా ఈ ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది కావున గుంటలలో నిలుచును. అచ్చట అగ్గిపుల్ల గీయుట ప్రాణాంతకము.

తుప్పుపట్టిన తొట్టి కారినచో బెంజీను భూగర్భజలమున చేరును. మనదేశమున 2000 ఫిబ్రవరి వరకు అమ్మిన పెట్రోలులో సీసము కూడ ఉండెడిది. అది మట్టిలో చిరకాలము నిలుచును. ఉద్దానపు తీరమందలి ఇసుకనేలలో ఇట్టి ద్రవములు త్వరగా ఇంకును. అందుచేత మూసిన బంకు తొట్టిని శుభ్రపరచి త్రవ్వితీయుటయో, ఇసుకతో పూడ్చుటయో అవసరము. ఆ పని నిపుణులది. గొట్టము నిలిచియున్నంతవరకు తొట్టి ఇంకను క్రింద ఉన్నదనియే తలచి, దూరమునుండి చూడవలెను.